లాంచీకి ఎదురు

మహాలక్ష్మమ్మ ఇంట్లో ఊరగాయ జాడీలకు మూతి సన్నం, కడుపు లావు. అడుగున మిగిలిన ఆవకాయ పైకి రావాలంటే ఆ ఇంట్లో ఆవిడ చెయ్యే దిగాలి. కోడలు సావిత్రి చెయ్యీ సన్నమే, కాని దానికి నిండా గాజులు. మూతి దగ్గరే అడ్డం పడతాయి. అత్తగారికి ఆ ఇబ్బంది లేదు. భర్త ఆదినారాయణ పోయిన పదోనాడు నలుగురూ కూర్చుని ఆ ఇబ్బంది తీర్చేశారు.

ఆదినారాయణ శబరి ఒడ్డున కుంట అనే ఊళ్ళో కిరాణా కొట్టు నడిపిన మనిషి. చింతపండు, ఇప్పపువ్వు కొనేవాడు, ఉప్పు, కిరసనాయిలు అమ్మేవాడు. ఆయన పోయాక కొట్టు అన్నదమ్ముల చేతికి పోయింది. కొడుకు శ్రీరంగానికి తక్కెడ ముందు కూర్చునే ఓపిక ఏనాడూ లేదు. తన వాటా వాళ్ళకే వదిలేసి, కూనవరంలో యాత్రికులను తిప్పి తిప్పి డొక్కయిపోయిన లాంచీ ఒకటి తెచ్చుకున్నాడు. ఊరంతా నవ్వింది. వానలు పడి శబరి నిండేసరికి నవ్వినవాళ్ళే అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నారు. అవతలి ఒడ్డు ఒడిశా, మోటు సంత. వంతెన లేని రోజులవి.

ఇవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్, ఆ రాష్ట్రం ఏర్పడి కొద్ది కాలమే అయింది. ఘాట్ ఠేకా, అంటే రేవు దాటించే గుత్త, ఏడాదికొకసారి తిరగరాసేవారు. వానల మొదట్లో తహసీలు నుంచి ఒక గుమాస్తా బాబు వచ్చి, లాంచీలో కూర్చుని, అవతలి ఒడ్డుకు పోయి తిరిగి రావాలి. ఆయన పొడి బట్టలతో దిగితే ఠేకా ఉంటుంది. లాంచీ కదలకపోయినా, నడిమధ్య ఆగినా, ఘాట్ అవతలివాళ్ళకు పోతుంది. మోటు వైపు పెద్ద నాటుపడవ ఉన్న ఆసామి ఒకడు ఆ ఒక్క మాట కోసమే కాచుకుని కూర్చున్నాడు. ఘాట్ పోతే లాంచీ ఉండీ లేనట్టే, లాంచీ లేకపోతే శ్రీరంగానికి వేరే బతుకు లేదు. బాబుగారు మంగళవారం మధ్యాహ్నం వస్తానని కబురు పెట్టారు.

సరిగ్గా అప్పుడే లాంచీలో నీళ్ళొచ్చాయి.

ఆ లాంచీకి ఇంజిను లోపల, కాలు బయట. వెనక చెక్కకు ఉన్న కంతలోంచి ఇరుసు బయటికొచ్చి, నీళ్ళలో వేలాడే ఇనపకాలులో దూరి, దాని అడుగున ఉన్న రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. ఆ కాలు పక్కలకు తిరగాలి, ఇసుక తగిలితే పైకి లేవాలి. అందుకని ఇరుసు చుట్టూ మడతలు మడతలుగా ఒక రబ్బరు తిత్తి ఉంటుంది, హార్మోనియం తిత్తిలాగే. కాలు ఎటు తిరిగినా తిత్తి సాగి, నీటిని కంతలోకి రానివ్వదు. ఎండాకాలమంతా లాంచీ ఒడ్డున ఇసుకలో పడి ఉండడంతో రబ్బరు ఎండి పగుళ్ళిచ్చింది. శ్రీరంగం లాంచీని నీళ్ళలోకి తోసిన రోజునే తిత్తి చిరిగి, అతని చెప్పులు లోపల తేలాయి.

కొత్త తిత్తి రాజమండ్రి నుంచి బస్సులో వచ్చింది. లాంచీని మళ్ళీ ఒడ్డుకు లాగారు. కాలు విప్పి గోనెసంచి మీద పడుకోబెట్టడం ఒక పూట పని. చిక్కంతా ఆ తరువాతే. తిత్తి లోపలి మూతిని కంత అడుగున ఉన్న ఇనప అంచు మీదికి ఎక్కించాలి. దాని చుట్టూ ఒక రేకు పట్టీ వేసి, పట్టీకున్న మరను బిగించాలి. మరను పొడుగు పానాతో బయటినుంచే తిప్పొచ్చు. కాని తిప్పుతున్నంతసేపూ పట్టీ జారిపోకుండా లోపల ఎవరివో వేళ్ళు దాన్ని పట్టుకుని ఉండాలి. చుట్టూ ఇనప చట్రం. ఆ చట్రం ఊడాలంటే ఇంజినే పైకి లేపాలి, లేపడానికి గొలుసు కప్పీ కావాలి, అది జగదల్‌పూర్ నుంచి రావాలి. అంతలో బాబుగారు వచ్చి వెళ్ళిపోతారు.

శ్రీరంగానికి తండ్రి పోలికలు ఏవీ రాలేదు గానీ చేతులు మాత్రం వచ్చాయి. చేటంత అరచెయ్యి. మణికట్టు దాకా కూడా పోకుండానే ఇరుక్కుపోయింది. సబ్బు రాశాడు, గ్రీజు పూశాడు, ఇంజినునూ, దాన్ని చేసినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ వరసగా తిట్టాడు. కంత మాత్రం వెడల్పు కాలేదు.

ఈ సంగతులన్నీ మహాలక్ష్మమ్మకు తడిక వెనకనుంచే తెలుస్తున్నాయి. వాళ్ళ ఇల్లు ఘాట్‌కు ఆనుకునే ఉంటుంది. పెరటి తడిక దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు. అయినా ఆ లాంచీ వచ్చిన నాటినుంచీ ఆవిడ దాని మీద కాలు పెట్టలేదు, చెయ్యి వెయ్యలేదు. మోటులో పని ఉంటే తెడ్లేసే డోంగాలో పోయేది. పొద్దున లాంచీ మొదటిసారి కదిలే వేళకు పెరట్లోంచి లోపలికి వెళ్ళిపోయేది. భర్త లేని మనిషి ప్రయాణానికి ఎదురు రాకూడదు. ఈ మాట ఎవరూ ఆవిడకు చెప్పనక్కర లేకపోయింది. ఎదుటివాళ్ళు మొహం చిట్లించకముందే తాను తప్పుకుంటే మర్యాదగా ఉంటుందని ఆవిడ లెక్క. శ్రీరంగం చిన్నతనంలో పరీక్షకు పోతుంటే, "నేను లోపలికి పోతా, అప్పుడు బయలెల్లు" అని వాడికి నేర్పింది కూడా ఆవిడే. పిల్లలకు నేర్పినవి ఊరికే పోవు.

సోమవారం పొద్దున సావిత్రి కొంగు బిగించి ఒడ్డుకు దిగింది. తన చెయ్యి దూరుతుందేమో చూస్తానంది. భర్త ఏ కళనున్నాడో, ఎగతాళి చెయ్యకుండా పక్కకు జరిగాడు. గాజులు తియ్యాలి. సావిత్రి ఒక్కొక్కటే తీసి కొంగున కట్టుకుంది. చివరిది తియ్యలేదు. మొగుడు బతికుండగా చెయ్యి బోడిగా ఉంచుకోకూడదు. ఒక్క గాజైనా ఉండాలి. ఇది ఆమె సొంత తెలివి కాదు, పుట్టింట్లో పుట్టిన నాటినుంచీ, మెట్టినింట్లో అడుగుపెట్టిన నాటినుంచీ విన్నదే. శ్రీరంగం కూడా తియ్యమనలేదు. ఒక్క ఆకుపచ్చ గాజు, అదేం చేస్తుందిలే అనుకున్నారిద్దరూ.

చెయ్యి లోపలికి పోయింది. మణికట్టు దాటింది, పట్టీ వేళ్ళకు తగిలింది. "అందింది" అని సావిత్రి నవ్వింది. ఇంకొంచెం లోపలికి తోసింది. గాజు చట్రం అంచుకు తట్టుకుని పుటుక్కుమంది.

గాజు చిట్లిన చప్పుడు తడిక అవతల మహాలక్ష్మమ్మకు కూడా వినిపించింది. సావిత్రి మణికట్టు కోసుకుపోయింది. ఆమె ఏడ్చింది మాత్రం దానికి కాదు. మొగుడి ఎదురుగా, మొగుడి పని చేస్తూ, మొగుడి పేరున వేసుకున్న గాజు చిట్లింది. మహాలక్ష్మమ్మ పరుగున పసుపుకొమ్ము, దారం తెచ్చి తడిక మీదినుంచి అందించింది. శ్రీరంగం దాన్ని భార్య చేతికి కట్టి ఇంటికి పంపించేశాడు. గాజు ముక్కలన్నీ తిత్తి మడతల్లో పడ్డాయి. పట్టీ బిగించే పని అలాగే ఉంది, పైగా ఇప్పుడు తిత్తిలో గాజు. తిత్తిని అలాగే లాగి దులుపుదామన్నా ముక్కలు రబ్బరులోకి దిగుతాయి, ఒక్క ముక్క మిగిలినా ఇరుసు తిరిగేసరికి రబ్బరు తెగుతుంది. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు, శ్రీరంగం పోయి ఊళ్ళో సైకిలు షాపువాణ్ణి అడిగాడు. వాడి చెయ్యి ఇంకా లావు.

ఆ రోజంతా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. మహాలక్ష్మమ్మ జాడీలో చెయ్యి పెట్టి ఆవకాయ తీస్తూ, అలా పెట్టిన చేతిని తీయకుండా కాసేపు నిలబడింది. మూతి సన్నం, లోపల లావు. ఆవిడకు ఆ సంగతి నిన్ననే తట్టింది. తట్టిందని ఒప్పుకోవడానికి భయం. భయం నీళ్ళంటే కాదు, ఇనుమంటే కాదు. తన చెయ్యి పడ్డ లాంచీ నడి ఏట్లో ఆగితే, ఇంకేమన్నా అయితే, ఊరు ఏమంటుందో ఆవిడకు అక్షరం అక్షరం తెలుసు. ఊరి మాటైనా పడొచ్చు. తాను కూడా అదే అనుకుంటుందని తెలుసు. అది పడలేదు.

మంగళవారం పొద్దున హుంగే చేపలు తెచ్చింది. హుంగే దొర్ల తెగ మనిషి, మహాలక్ష్మమ్మ ఈడుదే. మొదటి మొగుడు జ్వరంతో పోతే ఇంకొకణ్ణి చేసుకుంది. వాడు తాగి కొడుతున్నాడని వాణ్ణి కూడా వదిలేసి, అన్న ఇంటి పక్కనే గుడిసె వేసుకుని చేపలమ్ముకుంటోంది. చేతులకు అల్యూమినియం కడియాలు, మెడలో పూసలు, నోట్లో ఎప్పుడూ పొగాకు. ఊళ్ళో ఎవరు కనిపించినా ఎదురుగానే వస్తుంది, పక్కకు తప్పుకోవడం అనే విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. లాంచీ కథంతా ఆమెకు ఘాట్ దగ్గరే తెలిసిపోయింది. గడపలో కూర్చుని చేపలు ఏరుతూ, జాడీ కడుగుతున్న మహాలక్ష్మమ్మ చేతిని చూసింది. మోచేతి దాకా జాడీలో ఉంది.

"నీ కోడలికి గాజు అడ్డం. నీ కొడుక్కి చెయ్యే అడ్డం," అంది హుంగే. "నీకేంది అడ్డం, సావుకారమ్మా?"

మహాలక్ష్మమ్మ జాడీలోంచి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. తన చెయ్యి పడితే ఆ లాంచీకి మంచిది కాదంది. హుంగే పొగాకు ఉమ్మి వచ్చింది.

"రోజూ కూడు వండేది ఆ చెయ్యే గదా. తిన్నోళ్ళంతా బాగనే ఉన్నరు."

ఇంత మాటకు జవాబు ఉండాలి. మహాలక్ష్మమ్మ వెతికింది. పెద్దలు చెప్పినవి చాలా ఉన్నాయి గాని, హుంగే ముందు పెట్టడానికి ఒక్కటీ పనికి రాలేదు. చేపలు అక్కడే వదిలేసి ఆవిడ తడిక తలుపు తీసింది.

ఎదురుగా మాత్రం పోలేదు. లాంచీ ముక్కు నీళ్ళవైపు ఉంది. ఆవిడ ఇసుకలో చుట్టు తిరిగి వెనకనుంచి వచ్చింది. కంత ఉన్నదీ వెనకనే. వెనకనుంచి వచ్చినది ఎదురు కాదు గదా అని తనకు తానే చెప్పుకుంది. మనిషి నమ్మకం వదులుకోదు, దానికి ఒక సందు వెతుక్కుంటుంది.

శ్రీరంగం కంత ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. తల్లిని చూసి లేచాడు. ఆవిడ కొంగు నడుముకు బిగించి చెయ్యి ముందుకు చాచింది. శ్రీరంగం ఆ చెయ్యి వంక చూశాడు. ఎన్నేళ్ళుగానో అన్నం పెడుతున్న చెయ్యి, గుర్తుపట్టడానికి ఇంతసేపు పట్టింది.

"నువ్వెందుకమ్మా," అన్నాడు. వద్దని మాత్రం అనలేదు. ఆ తేడా తల్లికి తెలిసింది. మనసు చివుక్కుమంది, అంతలోనే సర్దుకుంది.

చెయ్యి అనాయాసంగా దిగింది. మొదట గాజు ముక్కలు. తిత్తి మడతలు ఒక్కొక్కటీ వేలితో విప్పుకుంటూ, జాడీ అడుగున మెంతిపిండి గీరినట్టు గీరి, తగిలిన ముక్కనల్లా తీసి కొడుకు చేతిలో పెట్టింది. అతను వాటిని ఇసుకలో పెట్టి, పగిలిన గాజును మళ్ళీ గుండ్రంగా పేర్చుకుంటూ పోయాడు. గుండ్రం పూర్తయ్యేదాకా ఆవిడను వెతకడం ఆపనివ్వలేదు. చివరి ముక్క చిన్నది, మడత కొసన ఇరుక్కుని ఉంది. అది ఆవిడ చూపుడువేలు కోసి గాని బయటికి రాలేదు. ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని, ఉమ్మి, మళ్ళీ చెయ్యి దింపింది.

తరువాత తిత్తి మూతి. అంచు ఎక్కడుందో శ్రీరంగం నోటితో చెప్పాలి, ఆవిడ వేళ్ళతో వెతకాలి. అతను ఇంజినువాళ్ళ మాటలు చెబితే ఆవిడకు ఎక్కలేదు. కాసేపు పెనుగులాడి, "కుండకు వాసెన కట్టినట్టు చెయ్యి" అన్నాడు. అది ఎక్కింది. చుట్టూ లాగి, ఎక్కడా ముడత లేకుండా అంచుమీదికి ఎక్కించింది. పట్టీ వేసింది. శ్రీరంగం పొడుగు పానా ఆవిడ చేతి పక్కనుంచే లోపలికి దూర్చాడు.

"పట్టుకున్నవా?"

"పట్టుకున్న. తిప్పు."

తిప్పాడు. పట్టీ బిగుస్తున్నకొద్దీ వేళ్ళు నలుగుతున్నాయి. ఆవిడ తియ్యలేదు, చెప్పలేదు. కొడుకుతో కలిసి ఒక పని చెయ్యడం ఆవిడకు అదే మొదలు. వాడు తిప్పుతుంటే ఇనుములోంచి ఆ బలం తన వేళ్ళకు తెలుస్తోంది. సంతోషంగా ఉంది. ఇంత చిన్న కంతలో ఇంత సంతోషం ఎట్లా పట్టిందో ఆవిడకు అర్థం కాలేదు. మర ఇక తిరగనని మొరాయించాక శ్రీరంగం పానా వదిలేసి, కంతలోకి ఒక చెంబెడు నీళ్ళు కొట్టి చూశాడు. లోపలికి చుక్క దిగలేదు. అతను తల్లి వంక ఒకసారి చూసి, మనుషుల్ని కేకేసి కాలు ఎత్తించే పనిలో పడ్డాడు.

మధ్యాహ్నానికి కాలు తగిలించారు. లాంచీని నీళ్ళలోకి తోశారు. బాబుగారు గొడుగేసుకుని వచ్చారు. ఆయనది అటు రాయ్‌పూర్ వైపు, తెలుగు ముక్క రాదు. చేతిలో రశీదు పర్చీల కట్ట. నీళ్ళంటే భయమని ఆయన అడుగులోనే తెలుస్తోంది. మోటు ఆసామి మనిషి కూడా ఒకడు వచ్చి, ఏమీ ఎరగనట్టు ఒడ్డున బీడీ తాగుతున్నాడు. శ్రీరంగం లాంచీ ముక్కుకు కొబ్బరికాయ కొట్టాడు. సావిత్రి పసుపుదారం కట్టిన చేత్తో హారతి ఇచ్చింది. లాంచీని లోతుకు తిప్పి, ముక్కు అవతలి ఒడ్డుకేసి పెట్టడానికి ఇద్దరు మనుషులు గెడలు పట్టుకున్నారు.

మహాలక్ష్మమ్మ ముందువైపు మోకాలి లోతు నీళ్ళలో వంగి, గ్రీజు అంటిన చెయ్యి ఇసుకతో తోముకుంటోంది. ఈ ఒక్కసారికి మరిచిపోయింది. చెయ్యి నొప్పిగా ఉంది, మనసు తేలికగా ఉంది, లాంచీ బాగయింది. తాను ఎక్కడ నిలబడి ఉందో ఆవిడకు స్ఫురించలేదు.

"అమ్మా," అన్నాడు శ్రీరంగం చుక్కాని దగ్గరినుంచి. "కొంచెం పక్కకు జరుగు. బయలెల్లాలె."

కోపంగా అనలేదు. ఆవిడ మొహం కూడా చూడలేదు. దారిలో గిన్నె ఉంటే జరపమన్నట్టు అన్నాడు. ఆ మాట వాడికి నేర్పింది తానేనని మహాలక్ష్మమ్మకు వెంటనే గుర్తొచ్చింది. గుర్తొచ్చినా కోపం ఆగలేదు. కొడుకు మీద ఆవిడకు కోపం రావడం చాలా అరుదు, అందుకని దాన్ని ఏం చెయ్యాలో తెలియక నీళ్ళలోనే నిలబడిపోయింది. చూపుడువేలు ఇంకా చురచురమంటోంది. ఒడ్డున సావిత్రి తల దించుకుంది. హుంగే మాత్రం చేపలబుట్ట చంకన పెట్టుకుని, ఏమవుతుందా అని నోరు తెరుచుకుని చూస్తోంది.

పక్కకు జరగాలి. జరిగితే తడిక దాకా జరగాలి, తడిక అవతలికి పోవాలి. ఇన్నేళ్ళూ అంతే. లాంచీ ముందు ఉండకూడదు. మరి ఎక్కడ ఉండొచ్చు? మహాలక్ష్మమ్మ లాంచీ ముక్కును చూసింది, పక్కను చూసింది, వెనక చెక్కను చూసింది. పొద్దున తనకు దొరికిన సందు ఇంకా అక్కడే ఉంది.

చీర కుచ్చెళ్ళు పైకి దోపి, నీళ్ళు తోసుకుంటూ పక్కకే జరిగింది. లాంచీ పక్కకు. గెడ పట్టుకున్న మనిషి భుజం ఆసరాగా, అంచు పట్టుకుని, కాలెత్తి లోపలికి ఎక్కింది. తడి చీరతో బాబుగారి ముందునుంచి నడిచి, ఇంజిను మీది చెక్క పక్కన కూర్చుంది. బాబుగారు గొడుగు సర్దుకుని, ఈ అమ్మగారు కూడా వస్తున్నారా అని హిందీలో అడిగారు.

శ్రీరంగం చేతులు చుక్కాని మీదే ఉండిపోయాయి. "అమ్మా, ఇదేంది," అన్నాడు మెల్లగా.

"ఎదురు రావద్దంటివి," అంది మహాలక్ష్మమ్మ. "లోపల కూసున్నదాన్ని, ఎదురెట్లయితన్రా?"

ఒడ్డున హుంగే పగలబడి నవ్వింది. తల్లిని దింపడమంటే అందరి ముందూ దింపాలి. తీసుకుపోవడమంటే ఇన్నాళ్ళూ నమ్మింది పక్కన పెట్టాలి. మోటు ఆసామి మనిషి బీడీ పారేసి దగ్గరికొచ్చి చూస్తున్నాడు. బాబుగారు గడియారం చూసుకున్నారు. మహాలక్ష్మమ్మకు లోపల భయంగానే ఉంది. నడి ఏట్లో ఏమన్నా అయితే ఈసారి ఎవరి మాటా పడనక్కర లేదు, ఇద్దరూ కలిసే పోతారు. ఆ ఆలోచన ఆవిడకు ధైర్యం ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఆవిడా చెప్పలేదు.

శ్రీరంగం ఇంజిను తిప్పాడు. అది దగ్గి, పొగ వదిలి, పట్టుకుంది. ఒడ్డు వెనక్కి జరిగింది. తడిక ఇటువైపునుంచి చూస్తే చాలా పొట్టిగా కనిపించింది.

నడిమధ్యకు వచ్చేసరికి శబరి బలం తెలిసింది. ఎగువన పడ్డ వానకు నీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరుగుతున్నాయి. శ్రీరంగం చుక్కాని గట్టిగా తిప్పాడు. వెనక ఇనపకాలు పక్కకు మళ్ళింది. తిత్తి సాగేది ఇప్పుడే, చిరిగితే చిరిగేదీ ఇప్పుడే. అతనికి చుక్కాని వదిలి వెనక్కి రావడానికి లేదు, వచ్చినా ఆ చెయ్యి అక్కడ పట్టదు. మెడ మాత్రం తిప్పాడు.

"అమ్మా, నీళ్ళొస్తున్నయా చూడు."

మహాలక్ష్మమ్మ చెక్క పక్కకు తీసి, ఇంజిను వెనక సందులోకి చెయ్యి దించింది. కంత చుట్టూ, కంత కింద, చివరికి అడుగు చెక్క మీద నెమ్మదిగా తడిమింది. చెయ్యి పైకి తీసి వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసుకుంది. గ్రీజు ఉంది, కోసుకున్నచోట కొంచెం నెత్తురు ఉంది, నీటి చుక్క లేదు.

"లేవు," అంది. "నువ్వు ముందుకు చూసి నడుపు."